అవ్వ పాటకి డీఫాల్ట్ సెట్టింగులు పనికిరావు

ఏ సాఫ్ట్‌వేర్ వేసుకున్నా మనవాళ్ళకి తెలిసిన పద్ధతి ఒక్కటే. నెక్స్ట్, నెక్స్ట్, ఐ అగ్రీ, నెక్స్ట్, ఫినిష్. ఆఫీసులో ప్రొడక్షన్ సర్వర్ అనుకోండి, కాన్ఫిగ్ ఫైల్లో ఒక్క లైను మారిస్తే నలుగురు రివ్యూ చేస్తారు. అదే ఇంట్లో ఆడాసిటీయో, రీపరో, ఎఫ్ఎల్ స్టూడియోనో తెరిచి ఎర్ర బటన్ నొక్కేటప్పుడు మాత్రం అందులో ఏముంటే అదే ప్రసాదం.

సినిమా పాట ఏదో సరదాగా పాడుకుని స్నేహితులకి పంపించుకోడానికైతే ఇబ్బందేం లేదు. బాగా రాకపోతే రేపు మళ్ళీ పాడుకుంటాం. కానీ ఇంట్లో పెద్దవాళ్ళ పాట రికార్డు చేసేటప్పుడు ఇలా చెయ్యకూడదని నా గట్టి అభిప్రాయం. డీఫాల్ట్ అంటే ఎవరో, ఎక్కడో కూర్చుని, ఇంకెవరి కోసమో తీసుకున్న నిర్ణయం. ఆ ఇంకెవరో మా అవ్వ కాదు.

మాది కందుకూరు. ఆంధ్రాలో ఉన్న కందుకూరు కాదండోయ్, రంగారెడ్డి జిల్లాలో శ్రీశైలం రోడ్డు మీద ఉన్నది. 2008లో శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు తెరిచిన దగ్గర్నుంచి మా వైపు భూముల కథ మారిపోయింది. ముచ్చర్ల దగ్గర ఫార్మా సిటీ అన్నారు, ఇప్పుడు మీర్‌ఖాన్‌పేట దగ్గర ఫ్యూచర్ సిటీ అంటున్నారు. మంచో చెడో ఆ చర్చ ఇంకోసారి పెట్టుకుందాం. నేను చెప్పేది పాటల సంగతి. నాట్లేసేటప్పుడు పాడే పాటలు నాట్లు ఉన్నంత కాలమే ఉంటాయి. పొలం వెంచర్ అయిపోయాక ఆ పాట పాడే సందర్భమే ఉండదు. పొలం మిగిలిన చోట కూడా నాట్లు యంత్రాలతోనో, వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీలతోనో అవుతున్నాయి. బతుకమ్మని 2014లో రాష్ట్ర పండగ చేశారు, చాలా సంతోషం. కానీ ఈ మధ్య చాలా చోట్ల ఆడవాళ్ళు డీజే బాక్సులో వచ్చే పాటకి అడుగులేస్తున్నారు, పాడేవాళ్ళు తగ్గారు. పాత పాటలు పూర్తిగా వచ్చినవాళ్ళు మా వాడలో వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే ఉన్నారు. వాళ్ళల్లో మా అవ్వ ఒకతి. ఎనభై దాటింది.

రికార్డు చేస్తానంటే మా అవ్వ పెట్టిన షరతు ఒక్కటే. "పాడుమంటె పాడ్త గని, నడుమల ఆపకు బిడ్డా. ఆపితే మతికి రాదు."

ఇంతకంటే మంచి రిక్వైర్‌మెంట్ స్పెసిఫికేషన్ నాకు ఏ క్లయింటూ ఇవ్వలేదు. పెద్దవాళ్ళకి పాట కాయితం మీద ఉండదు. ఒక చరణం చివర ఇంకో చరణాన్ని లాక్కొస్తుంది. "అవ్వా ఒక్క నిమిషం, లెవెల్ ఎక్కువైంది, మళ్ళీ మొదట్నుంచి" అన్నారా, తర్వాతి చరణం పోయినట్టే. కాబట్టి సెట్టింగులన్నీ ఈ ఒక్క షరతు చుట్టూ పెట్టుకోవాలి. ఎలాగో చెప్తాను.

మొదటిది, రికార్డింగ్ లెవెల్. 16 బిట్లకి సిద్ధాంతం ప్రకారం దాదాపు 96 డెసిబెల్స్ వెడల్పు, 24 బిట్లకి 144. మంచి కన్వర్టర్ కూడా నిజంగా ఇచ్చేది 120 చుట్టుపక్కలే అనుకోండి. అయినా చాలా ఎక్కువ. అందుకని 24 బిట్లు పెట్టుకుని, గెయిన్ బాగా తగ్గించి, గట్టిగా పాడినప్పుడు కూడా మీటర్ మైనస్ 12 దగ్గర ఆగేలా చూసుకోండి. చిన్నగా రికార్డయితే తర్వాత పెంచుకోవచ్చు, పగిలిపోయిన శబ్దాన్ని అతికించడం కష్టం. బతుకమ్మ పాటలో అవ్వ ఒక్కతే పాడుతూ ఉంటుంది, ఒక్కసారిగా పక్కనున్న నలుగురూ "ఉయ్యాలో" అని అందుకుంటారు, చప్పట్లు కూడా తోడవుతాయి. ఆ జాగా ముందే వదిలి పెట్టాలి.

ఇక్కడ చాలామంది పడే భ్రమ ఒకటుంది. ఆడాసిటీలో డీఫాల్టుగా 32-బిట్ ఫ్లోట్ అని ఉంటుంది కాబట్టి ఎంత గట్టిగా వచ్చినా ఫరవాలేదు అనుకుంటారు. అది ఫైల్ ఫార్మాట్ మాత్రమే. మైకు దగ్గర మామూలు కన్వర్టర్లోనే శబ్దం తెగిపోతే, తెగిపోయినదాన్నే 32 బిట్లలో భద్రంగా దాస్తుంది. డేటాబేస్ కాలమ్‌ని పెద్దది చేసినంత మాత్రాన, ఫామ్ దగ్గరే కోసేసిన పేరు పూర్తిగా రాదు కదా. ఇంకోటి, విండోస్‌లో ఆడాసిటీ ఆడియో హోస్ట్ ఎంఎంఈ అని ఉంటే వచ్చేది 16 బిట్లే. 24 కావాలంటే వాసాపీకి మార్చుకోవాలి.

రెండోది, శాంపిల్ రేటు. మన ఇంజనీర్లకి ఈ అంకెల పిచ్చి ఎక్కువ, 192 కిలోహెర్ట్జ్ అంటారు. అవసరం లేదు. మనిషి వినగలిగేది మహా అయితే 20 కిలోహెర్ట్జ్, దానికి రెట్టింపు కంటే కాస్త ఎక్కువ ఉంటే చాలు. 44,100 అనే వింత అంకె కూడా ఆకాశం నుంచి ఊడిపడలేదు. సీడీలకు ముందు డిజిటల్ శబ్దాన్ని వీడియో టేపు మీద దాచేవాళ్ళు. ఒక్కో గీతకి 3 శాంపిళ్ళు, ఫీల్డుకి 245 గీతలు, సెకనుకి 60 ఫీల్డులు. గుణించి చూడండి, సరిగ్గా 44,100 వస్తుంది. 1982లో సీడీ మార్కెట్లోకి వచ్చినప్పుడు అదే ఖాయమైంది. వీడియోలకి వాడేది 48,000. ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం ఐఏఎస్ఏ పాత టేపుల్ని డిజిటల్ చేసేటప్పుడు కనీసం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లు ఉండాలంటుంది. మనకి అదే సరిపోతుంది. సాఫ్ట్‌వేర్‌లోనూ, ఆడియో ఇంటర్‌ఫేస్‌లోనూ అంకె ఒకటే ఉందో లేదో మాత్రం చూసుకోండి. 44,100లో తీసింది 48,000గా మోగితే అవ్వ గొంతు దాదాపు ఒకటిన్నర స్వరస్థానం పైకెళ్ళి చిన్నపిల్లలా వినపడుతుంది.

మూడోది, బఫర్. మనం హెడ్‌ఫోన్స్‌లో మన గొంతు వింటూ పాడేటప్పుడు ఆలస్యం తెలియకూడదని 64, 128 శాంపిళ్ళు పెట్టుకుంటాం. అవ్వ హెడ్‌ఫోన్స్ పెట్టుకోదు. కాబట్టి 1024 పెట్టేయండి. 48 కిలోహెర్ట్జ్ దగ్గర అది 21 మిల్లీసెకన్లు, ఎవరికీ నష్టం లేదు. పాత లాప్‌టాప్ కూడా మధ్యలో టిక్కు టిక్కుమనకుండా గంటసేపు రికార్డు చేస్తుంది.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. మీకోసం మేము బాగుచేస్తాం అని ముందుకొచ్చే ప్రతి ఆప్షన్నీ ఆపేయండి. నాయిస్ సప్రెషన్, ఆటోమేటిక్ గెయిన్, ఎకో క్యాన్సిలేషన్, విండోస్‌లో ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్, అన్నీ. ఇవి మీటింగుల్లో మాటల కోసం పుట్టినవి. వాటి దృష్టిలో మాట ఒక్కటే పనికొచ్చే శబ్దం, మార్పు లేకుండా ఒకే తీరున మోగేది నాయిస్. మా టీంలో ఒకమ్మాయి వాళ్ళ అమ్మమ్మ పాడిన మంగళహారతిని వీడియో కాల్లో రికార్డు చేసింది. శ్రుతి పెట్టె మొదట రెండు సెకన్లు వినపడి మాయమైపోయింది. ఫ్యాను చప్పుడు అనుకుని తీసేసింది మరి! చప్పట్ల పరిస్థితీ అంతే, వాటిని కీబోర్డు టకటకలతో కలిపి కొట్టేస్తుంది. ఆటోమేటిక్ గెయిన్ అయితే అవ్వ గొంతు తగ్గించినచోట గదిలో హోరు పెంచుతుంది, గొంతెత్తినచోట తొక్కేస్తుంది. భావం కోసం చేసిన హెచ్చుతగ్గులన్నీ చదునైపోతాయి.

మెట్రోనోమ్, స్నాప్ కూడా ఇదే కోవ. చాలా మ్యూజిక్ సాఫ్ట్‌వేర్లు కొత్త ప్రాజెక్టుని నిమిషానికి 120 బీట్లు, 4/4తో తెరుస్తాయి. చప్పట్లు కొట్టేకొద్దీ వేగం పెరగడం మా పాటల స్వభావం. దాన్ని గడుల్లో ఇరికించి సరిచేస్తే మిగిలేది డీజే పాటే. 1997లో వచ్చిన ఆటో-ట్యూన్‌ని తయారుచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు నిక్షేపాల కోసం భూమిలోపలి తరంగాల్ని విశ్లేషించిన ఇంజనీరు. అద్భుతమైన పనిముట్టే, కాదనను. కానీ పన్నెండు మెట్ల మీద లేని స్వరం తప్పు అనే లెక్కతో దాన్ని మా అవ్వ మీద ప్రయోగిస్తే, ఆమె జారుడంతా తప్పుల జాబితాలోకి వెళ్తుంది.

ఇదంతా అతి అనిపించొచ్చు. ఇప్పటికే ఎయిర్‌పోర్టుకొచ్చే విమానాల హోరు, రోడ్డు మీద టిప్పర్లు, వాటిని అలాగే ఉంచుకోవాలా అంటారా? ఉంచుకోవాలనే అంటాను. విమానం పోయేదాకా ఆగి మొదలుపెట్టండి, కిటికీ వెయ్యండి, మైకు దగ్గరగా పెట్టండి. అయినా పడ్డ చప్పుడుని ఫైల్లో ఉండనివ్వండి. శుభ్రం చెయ్యాలంటే ఇంకో కాపీ మీద చెయ్యండి.

ఎందుకంటే శుభ్రం చేసే సాధనాలు ఏటేటా మెరుగవుతాయి, అసలు రికార్డింగ్ మెరుగవదు. బీటిల్స్ విషయం చూడండి. జాన్ లెనన్ 1970ల చివర్లో ఇంట్లో పియానో వాయించుకుంటూ ఒక పాటని క్యాసెట్ మీద తీసుకున్నాడు. ఆయన పోయాక 1995లో మిగతా ముగ్గురూ దాన్ని పూర్తి చెయ్యబోయి వదిలేశారు. టేపులో కరెంటు హోరు, గొంతు మీద పియానో, విడదీసే దారి లేదు. మెషీన్ లెర్నింగ్ వచ్చాక గొంతుని వేరు చెయ్యగలిగారు, 2023లో "నౌ అండ్ దెన్" పేరుతో విడుదలైంది. నలభై ఏళ్ళ పైచిలుకు ఆ క్యాసెట్ హోరుతో సహా అలాగే ఉంది కాబట్టి అది కుదిరింది. మన భాషలో చెప్పాలంటే, రా లాగ్స్ ఉంటే రిపోర్ట్ ఎప్పుడైనా మళ్ళీ తయారుచేసుకోవచ్చు.

యంత్రం పాటని కత్తిరించడం మనకి కొత్త కాదు. గ్రామఫోన్ కాలంలో పది అంగుళాల ప్లేటు ఒక వైపు పట్టేది మూడు నిమిషాలకి కాస్త అటూ ఇటూ. నాటక పద్యాలైనా, హరికథలైనా ఆ మూడు నిమిషాల ముక్కల్లో ఒదగాల్సిందే. అప్పటివాళ్ళకి వేరే దారి లేదు. మనకి? 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లు, మోనోలో గంట పాటకి అర జీబీ పైన కాస్త అవుతుంది. పెళ్ళి వీడియోలకి ఇచ్చే జాగాలో పదోవంతు చాలు. అయినా కుదించి, నలిపి ఎంపీ3 చేసి, అసలు ఫైల్ డిలీట్ చేసేవాళ్ళని చూస్తే నాకు నిజంగానే ఒళ్ళు మండుతుంది.

"ఇంటర్‌ఫేసు, మైకు ఎక్కడ తెచ్చేది, మాకు ఫోనే గతి" అనేవాళ్ళతో నాకు పేచీ లేదు. ఫోన్లో తీసిన పాట అసలు తియ్యని పాట కంటే వెయ్యి రెట్లు నయం. కాకపోతే ఫోన్లో కూడా రికార్డర్ సెట్టింగులు ఉంటాయి. ఐఫోన్ వాయిస్ మెమోస్‌లో ఆడియో క్వాలిటీ అన్నచోట లాస్‌లెస్ ఎంచుకోవచ్చు. ఆండ్రాయిడ్‌లో వేవ్ ఫార్మాట్‌లో రికార్డు చేసే యాప్‌లు బోలెడు. వాట్సాప్ వాయిస్ మెసేజ్ మాత్రం వద్దు, అది కబుర్లకి కుదించిన సరుకు. ఫోన్ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టడం మర్చిపోకండి, లోన్ కావాలా అని ఎవరో ఒకరు సరిగ్గా మూడో చరణం దగ్గర ఫోన్ చేస్తారు.

ఇంకొక్క సెట్టింగ్ ఏ మెనూలోనూ ఉండదు. రికార్డింగ్ మొదట్లో మీ గొంతుతోనే తారీకు, ఊరు, పాడేవాళ్ళ పేరు, ఆ పాట ఎప్పుడు పాడతారు, వాళ్ళెవరి దగ్గర నేర్చుకున్నారు, ఇవన్నీ చెప్పేయండి. ఫైల్ పేర్లు మారిపోతాయి, ఫోల్డర్లు పోతాయి, ఆ మాటలు మాత్రం పాటతోనే ఉంటాయి. ఒక కాపీ మీ దగ్గర, ఒకటి ఇంకో ఊళ్ళో ఉన్న చుట్టాల దగ్గర, ఒకటి క్లౌడ్‌లో. నెట్‌లో పెట్టేముందు పాడినవాళ్ళని అడగండి. పాట వాళ్ళది.

దసరా సెలవులకి ఊరెళ్ళే ప్లానుంటే ఈ మార్పులన్నీ బయల్దేరేముందు రోజు రాత్రే చేసి, ఓ అరగంట ఏదైనా వాగి పరీక్షించుకోండి. ఊళ్ళో అవ్వ ముందు కూర్చున్నాక మెనూలు వెతుక్కోకూడదు. ఆవిడ పాడుతుంటే మీటర్ వైపు కాదు, ఆవిడ వైపు చూడాలి.