ఐదు పౌండ్ల లాయరు

మొన్న ఆదివారం రీడింగ్ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసిండు. కరీంనగర్ దిక్కు పిల్లగాడు. ఎనిమిదేండ్లు ఐటీ కాంట్రాక్టులు చేసి విసుగొచ్చి, ఇప్పుడు టిఫిన్ సెంటర్ పెడదామని బయలుదేరిండు. మంచి రోడ్డు మీద షాపు దొరికిందట. "అన్నా, బుధవారం లీజు మీద సంతకం. లాయర్‌కు గూడ చూపిస్తున్న. ఐదు పౌండ్లే తీసుకుంటడట" అన్నడు సంబరంగ.

ఆ ఐదు పౌండ్ల మాట వినంగనే నాకు గుండెల రాయి పడ్డట్టయింది. 2017లో నేను గూడ అదే ఐదు పౌండ్లు కట్టిన. వాటి అసలు ఖరీదు తెలిసెటాళ్లకు ఐదేండ్లు పట్టింది. అందుకే ఈసారి రాజకీయాలు పక్కన పెట్టి ఈ ముచ్చట రాస్తున్న. మన దగ్గర సగం మంది ఉద్యోగాలతో పాటు ఏదో ఒక చిన్న యాపారం చేస్తున్నోళ్లే, లేదంటే చేద్దామని చూస్తున్నోళ్లే.

నేనూ నా దోస్తూ కలిసి హౌన్స్‌లో దగ్గర కిరాణం, దాని వెనక చిన్న కిచెన్ పెట్టినం. కంపెనీ రిజిస్ట్రేషన్‌కు అప్పుడు ఆన్‌లైన్‌ల 12 పౌండ్లు (2024 మేలో దాన్ని 50 చేసిన్రు). పది నిమిషాల్లో ఇద్దరం డైరెక్టర్లం అయిపోయినం, చెరి సగం వాటా. బోర్డుకు రెండు వేల పౌండ్లు, వంటింటి పొగ గొట్టానికి ఇంకో ఆరు వేలు. ఓపెనింగ్‌కు వచ్చిన నూటయాభై మందికి బగారన్నం గూడ పెట్టినం. లీజు కాగితాలు యాభై పేజీల పైన ఉండె. వాటిని మా లెక్కలు చూసే అన్నకు చూపిస్తే, నాలుగు పేజీలు తిప్పి "అన్ని లీజులు గిట్లనే ఉంటయి తమ్మీ" అన్నడు. ఆయన తప్పు పట్టను. ఆయన పని లెక్కలు.

ఓనర్ ఏజెంట్ తొందర పెట్టిండు. ఒక కాగితం చేతిలో పెట్టి, "ఏదైనా సొలిసిటర్ ఆఫీసుకు పోయి దీని మీద ప్రమాణం చేసి రండి, ఐదు పౌండ్లు అయితది" అన్నడు. పోయిన. కౌంటర్ దగ్గర ఒకాయన వచ్చి, "ఇందులో రాసింది నిజమేనా, ఇది మీ సంతకమేనా" అని అడిగిండు. అవునన్న. ముద్ర కొట్టిండు, ఐదు పౌండ్లు తీసుకున్నడు. లీజు తెరిచి చూడలే. చూడడం ఆయన పని గాదు, నేను గూడ అడగలే. ఇంటికొచ్చి మా ఆవిడతో మాత్రం "లాయర్‌తో చూపిచ్చిన, ఏం ఫికర్ లేదు" అని చెప్పిన.

ఆ కాగితం ఏందో ఇప్పుడు చెప్త. ఇంగ్లండ్, వేల్స్‌లో 1954 నాటి లాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం అని ఒకటున్నది. (స్కాట్లాండ్‌లో లెక్క వేరు.) కిరాయికి షాపు తీసుకొని యాపారం చేసుకునేటోడికి అది పెద్ద అండ. లీజు గడువు అయిపోయినంత మాత్రాన ఓనర్ నిన్ను వెళ్లగొట్టలేడు. కొత్త లీజు అడిగే హక్కు నీకుంటది. ఇయ్యనంటే చట్టంలో రాసిన కారణాల్లో ఏదో ఒకటి చూపించాలె. కిరాయి ఎప్పుడూ ఆలస్యం చేసినవనో, బిల్డింగు కూలగొట్టి కడతననో, తానే వాడుకుంటననో. నీ తప్పు లేకుండ కూలగొట్టుడు లాంటి కారణం మీద పంపిస్తే, షాపు రేటబుల్ వాల్యూ లెక్కన నష్టపరిహారం గూడ కట్టాలె.

అయితే ఆ హక్కును లీజు మొదలుగాక ముందే వదులుకోవచ్చు. దానికి 2004 నుంచి ఒక పద్ధతి పెట్టిన్రు. ఓనర్ ముందుగ ఒక హెచ్చరిక నోటీసు ఇయ్యాలె. నోటీసుకూ నువ్వు లీజుకు కట్టుబడే రోజుకూ నడుమ 14 రోజులు ఉంటే, "చదివిన, ఒప్పుకుంటున్న" అని మామూలు డిక్లరేషన్ చాలు. 14 రోజుల టైము లేకుంటే మాత్రం ఓనర్‌తో సంబంధం లేని సొలిసిటర్ ముందటనో, ప్రమాణం చేయించే అధికారం ఉన్న ఇంకొకరి ముందటనో చట్టబద్ధంగ ప్రమాణం చేయాలె. దానికి ఫీజు ఐదు పౌండ్లు. అంటే నేను ఆ రోజు లాయర్ దగ్గరికి పోయింది నా హక్కును నా చేతులతో రాసిచ్చెటందుకు. ఇంకో విచిత్రం, ఆ హెచ్చరిక నోటీసు మీదనే పెద్దగ రాసి ఉంటది, దీని గురించి తెలిసిన నిపుణుడితో మాట్లాడకుండ లీజుకు ఒప్పుకోవద్దని. నేను చదవలే.

2022లో గడువు అయిపోయింది. కరోనాలో తలుపులు మూయకుండ నడిపిన షాపు, రోజూ వచ్చే గిరాకీ, పొగ గొట్టం, అన్నీ అక్కడ్నే వదిలి బయటికొచ్చినం. పరిహారం సున్నా. నెల రోజులకు ఓనర్ దిక్కు నుంచి ఇంకో చిట్టా వచ్చింది. పైకప్పు, గోడలు, వెనక డ్రైనేజీ, అన్నీ రిపేరు చేసియ్యాలె, లేకుంటే 18 వేల పౌండ్లు. మేం పోయిన్నాటికే ఆ పైకప్పు కారుతుండె. కానీ లీజులో "మంచి మరమ్మతులో ఉంచాలె" అని ఉన్నది. ఇక్కడి చట్టంలో ఆ మాటకు అర్థం, మొదటినుంచి చెడిపోయి ఉన్నా నువ్వే బాగుచేసి ఉంచాలె అని. మేం తీసుకున్న నాడు షాపు ఎట్లున్నదో ఫోటోలు తీసి షెడ్యూల్ ఆఫ్ కండిషన్ అని లీజుకు జోడిస్తే ఈ బాధ చానావరకు తప్పేది. సొలిసిటర్లు మొట్టమొదట అడిగే వాటిలో అదొకటి.

కంపెనీ లిమిటెడ్ గదా, కంపెనీ మీదనే పోతది అనుకున్నం. లీజు చివర పేజీల్లో ఇద్దరం పర్సనల్ గ్యారంటీ సంతకం పెట్టి ఉన్నం. ఆఖరికి 11 వేలకు ఒప్పందం అయింది, ఎవరు ఎంత కట్టాలన్న దాని మీద మాకు లొల్లి అయింది. చెరి సగం వాటా అంటే ఇద్దరికీ మాట రాకుంటే ఎవరి మాటా చెల్లదు. వాటాదారుల ఒప్పందం రాసుకోలే. పదిహేనేండ్ల దోస్తు. ఇప్పుడు బతుకమ్మ కాడ కలిసినా తల తిప్పుకొని పోతున్నం.

ఇంత చదువుకున్నోళ్లం, మనం ఎందుకిట్ల చేస్తం? నాకు తోచింది చెప్త. మన ఊళ్లల్ల ఒక సామెత ఉన్నది. కోర్టుల ఓడినోడు అక్కడ్నే ఏడిస్తే, గెలిచినోడు ఇంటికొచ్చి ఏడ్చిండట. మనకు లాయర్ అంటే కోర్టు, కోర్టు అంటే పరువు పోవుడు, పైసలు పోవుడు. లొల్లి అయినంకనే లాయర్ దగ్గరికి పోతం. లొల్లి లేనప్పుడు కాగితం పని ఉంటే, రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందట కూసున్న డాక్యుమెంట్ రైటర్ దగ్గరికి పోతం. ఆయన రాస్తడు, మనం సంతకం పెడ్తం. ఇక్కడికొచ్చినంక సొలిసిటర్‌ను సుత మనం డాక్యుమెంట్ రైటర్ లెక్కనే చూస్తున్నం, ధర గూడ అదే ఉండాలనుకుంటున్నం. ఇక్కడ హైకోర్టుల్లో నిలబడి వాదించుడు ఎక్కువగ బారిస్టర్ల పని. సొలిసిటర్ పని చానా మటుకు లొల్లి కాకముందుదే. చదివి, అవతలోడి సొలిసిటర్‌కు ఉత్తరం రాసి, ఇది తీసెయ్యి, అది మార్చు అని బేరం చేసుడు.

పిరమా అంటే పిరమే, అబద్ధం చెప్ప. పోయినేడు నేను మళ్లీ చిన్న షాపు తీసుకునేటప్పుడు నలుగురిని అడిగిన. 1,000 నుంచి 2,000 పౌండ్ల దాక చెప్పిన్రు, పైన 20 శాతం వ్యాట్. గంటల లెక్కన అంటే మీటర్ తిరిగే టాక్సీ ఎక్కినట్టు, అందుకే ఫిక్స్‌డ్ ఫీజు రాతపూర్వకంగ అడిగిన. సొలిసిటర్ల రెగ్యులేషన్ అథారిటీ 2018 డిసెంబర్ నుంచి కొన్ని పనులకు ధరలు వెబ్‌సైట్‌ల పెట్టాలన్నది. అందులో బాకీల వసూలు, లైసెన్సు దరఖాస్తులు ఉన్నయి గానీ షాపు లీజు లేదు. కాబట్టి ఫోన్ చేసి అడగాల్సిందే. అడిగితే చెప్పడానికి ఒకడు గునిసిండు, వాణ్ణి వదిలేసిన. వాళ్ల ఉత్తరాల ఇంగ్లీషు గురించి నాకు వేరే పంచాయితీ ఉన్నది, అది మళ్లెప్పుడన్న.

ప్రతిదానికీ లాయర్ అవసరం లేదు. ఎవడన్న మూడు వేలు ఎగ్గొడితే స్మాల్ క్లెయిమ్స్‌కు మనమే పోవచ్చు, 10,000 పౌండ్ల దాక అక్కడ్నే తేలుతది. గెలిచినా లాయర్ ఖర్చులు మామూలుగ అవతలోడి నుంచి రావు, కాబట్టి అక్కడ లాయర్‌ను పెట్టుకుంటే ఆ మూడు వేలు ఆయనకే పోతయి. కానీ లీజు, గ్యారంటీ, దోస్తులతో వాటా, నడుస్తున్న షాపు కొనుడు, ఇండియా నుంచి వంటమనిషిని పిలిపించుడు, ఈ ఐదింటికి సొంత సొలిసిటర్ లేకుండ సంతకం పెట్టొద్దు. "సొంత" అన్నది ఒత్తి పలకాలె. ఓనర్ సొలిసిటర్ ఎంత మర్యాదగ మాట్లాడినా ఆయన ఓనర్ మనిషే.

మన వాట్సాప్ గ్రూపుల్లో వంటమనిషి వీసా గురించి సలహాలు చూస్తే భయమైతది. పని చేసే హక్కు లేనోణ్ణి పెట్టుకుంటే 2024 ఫిబ్రవరి నుంచి మొదటిసారికే మనిషికి 45,000 పౌండ్ల దాక జరిమానా. ఒక చిన్న హోటల్‌కు అది ఉరితాడు. ఇమిగ్రేషన్ సలహా యాపారంగ ఇయ్యాలంటే సొలిసిటర్ లాంటి అర్హత ఉన్న లాయర్ అయినా అయి ఉండాలె, లేకుంటే ఇమిగ్రేషన్ అడ్వైస్ అథారిటీల నమోదు అయినా ఉండాలె (2025 జనవరి దాక దాని పేరు ఓఐఎస్‌సీ). లేకుండ ఇస్తే నేరం. మన సభల స్టేజీ మీద శాలువాలు కప్పించుకునే "లీగల్ కన్సల్టెంట్లు" కొందరు ఏ రిజిస్టర్ల ఉన్నరో ఎవరన్న చూసిన్రా? సొలిసిటర్ అన్న పేరు చట్టం కాపాడే పేరు, రిజిస్టర్ ఆన్‌లైన్‌ల ఉన్నది, రెండు నిమిషాల పని. "లాయర్" అన్న పేరుకు ఆ కాపలా లేదు. "అకౌంటెంట్" అన్న పేరుకు గూడ లేదు.

అకౌంటెంట్ మాట వచ్చింది గాబట్టి ఇది గూడ యాది చేసుకోవాలె. టియర్ 1 జనరల్ వీసా మీద వచ్చి సొంత కంపెనీలు నడిపినోళ్ల కష్టం మనకు తెల్వంది గాదు. వీసాకు చూపిన ఆదాయం ఒకటి, పన్నుల శాఖకు చూపిన ఆదాయం ఒకటి అని హోం ఆఫీసు 322(5) నిబంధన కింద పర్మనెంట్ రెసిడెన్సీలు తిరస్కరించింది. అకౌంటెంట్ పొరపాటు అని చానా మంది మొత్తుకున్నరు. 2019 ఏప్రిల్‌లో కోర్ట్ ఆఫ్ అప్పీల్ ఒక మంచి మాట చెప్పింది. ఒక మనిషిని మోసగాడు అనేముందు నీ అనుమానం ఆయనకు చెప్పి, జవాబు చెప్పుకునే అవకాశం ఇయ్యాలె అని. మంచిదే. కానీ ఆ మాట వచ్చేసరికి ఎన్ని ఇండ్లు చెల్లాచెదురైనయో మనం చూసినం. నాకు తెలిసినోళ్లల్ల ఒక్కరు గూడ ఆ దరఖాస్తులు పంపేముందు లాయర్‌కు చూపలే.

మాట మీద నమ్మకం అంటే ఏందో మనకు ఒకరు చెప్పాలా? 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీల పెద్దమనుషులు రాసుకున్న కాగితం మీద అన్నీ ఉన్నయి, తప్పితే ఏం చేయాలన్నది తప్ప. ఆ సంగతి మీద సభలు పెట్టి గంటలకొద్ది మాట్లాడిన మనమే, యాభై పేజీల లీజును చదవకుండ సంతకం పెడ్తున్నం.

మన సంఘాలకు నాదొక విన్నపం. ప్రతి ఏడాది ఇమిగ్రేషన్ మీద మీటింగులు పెడ్తున్నరు, సంతోషం. ఒక్క సాయంత్రం, కమర్షియల్ ప్రాపర్టీ పని చేసే సొలిసిటర్‌ను పిలిచి, నిజమైన లీజు ఒకటి తెర మీద పెట్టి, పేజీ పేజీ చదివించుండ్రి. సమోసాల ఖర్చు నాది. ఆ సొలిసిటర్ పని చెడగొడితే ఎట్ల అని అడిగేటోళ్లు ఉంటరు. ముందు ఆ ఫర్మ్‌కే రాతపూర్వకంగ ఫిర్యాదు చేయాలె. ఎనిమిది వారాల్లో తేల్చకపోతే లీగల్ ఆంబుడ్స్‌మన్ ఉన్నది, పైసా ఖర్చు లేదు, పదిమంది లోపు పనోళ్లున్న చిన్న సంస్థలు గూడ పోవచ్చు. వాట్సాప్ అన్న మీద ఫిర్యాదు చేయడానికి మాత్రం ఎవరూ లేరు.

రీడింగ్ తమ్ముణ్ణి ఆ రోజు ఒక్కటే అడిగిన. "నోటీసు నీకు ఏ రోజు ఇచ్చిన్రు?" శుక్రవారం అన్నడు. బుధవారానికి ఐదు రోజులు. "ఓనర్‌ను మూడు వారాలు ఆగమను" అన్న. షాపు చేజారితదేమో అని భయపడ్డడు. చేజారొచ్చు, ఆ మాట గూడ దాచలే. రెండు రోజులు ఆలోచించి బుధవారం సంతకానికి పోలే. 1,250 పౌండ్లకు ఒక సొలిసిటర్‌ను మాట్లాడుకున్నడు. నిన్న రాత్రి మళ్లీ ఫోన్. సొలిసిటర్ ఓనర్‌కు పదకొండు ప్రశ్నలు పంపిండట, కాపీ తనకు గూడ వచ్చిందట. "మూడోది అర్థమైతలేదన్నా" అన్నడు. నాకూ అర్థంగాలే. ఆయన్నే ఫోన్ చేసి అడగమన్న. ఫిక్స్‌డ్ ఫీజే గదా.