విరిగిన ఒత్తుల ఫిర్యాదు

నేలకొండపల్లిలో శుభలేఖ గాని, భక్త రామదాసు జయంతికి ఫ్లెక్సీ గాని కూర్చు డీటీపీ పనివారు, తాము తలపెట్టకయే, ప్రపంచప్రసిద్ధములైన డిజైను సాఫ్ట్‌వేరులకు నిత్యము తెలుగు పరీక్ష పెట్టుచున్నారు. ఆ ఊరి పేరుననే లావత్తు కలదు. శ్రీరామ యనినను భద్రాచలమనినను రావత్తు తప్పదు. పదిహేడవ శతాబ్దిని ఆ ఊర జన్మించి భద్రగిరిపై కోవెల కట్టించిన ఆ రామదాసు అసలు పేరు కంచర్ల గోపన్నలో రెండు ఒత్తులున్నవి. లిపి నెఱుగని సాఫ్ట్‌వేరున ఈ మాటలను టైపు చేసినచో, ఒత్తు తన తావున ఒదుగక పొల్లు విడివడి, ‘పల్లి’ కాస్తా ‘పల్‌లి’ యగును.

అప్పుడు మనవారు చేయునదేమి? ముహూర్తము దగ్గఱపడినది, ప్రెస్సువారు తొందరపెట్టుచున్నారు. కావున యూనికోడును విడిచి, ‘అను’ పేరిటి ఫాంట్లతో పాత పేజీమేకరులోనో కోరెల్‌డ్రాలోనో పని ముగించి, కర్వ్స్ చేసి, అనగా అక్షరములను బొమ్మలుగా మార్చి, పంపివేయుదురు. పేజీమేకరు చివరి రూపాంతరము 7.0 వెలువడినది 2001లో. ఆంగ్లాక్షరముల స్థానములలో తెలుగు అక్షరఖండములను నిలిపిన అట్టి ఫాంట్లు లేని కంప్యూటరున ఆ ఫైలు తెఱచినచో అర్థములేని గిలుకుడు మాత్రమే కనబడును. అందొక పేరు వెదుకుటకును వీలుండదు. పనివాని నేను నిందింపను. అతని నేర్పు వలననే ఇన్నాళ్లును తెలుగు అచ్చు నడచినది. కాని ఆ నేర్పే దోషమును మఱుగుపఱచుచున్నదనుట నా వేదన.

దారులు లేకపోలేదు. ఫొటోషాపులో టైపు ప్రిఫరెన్సులను తెఱచి, పాత రూపాంతరములలో మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అనుదానిని, తరువాతి కొన్నిటిలో వరల్డ్ రెడీ లేఅవుటును ఎంచుకొనవలెను. ఇన్‌డిజైనులో వరల్డ్ రెడీ కంపోజరు కలదు. కోరెల్‌డ్రా 2012 నాటి ఎక్స్6 నుండి ఇట్టి లిపులకు తోడ్పడుచున్నది. మండలి, రామభద్ర, సురవరం వంటి యూనికోడు ఫాంట్లు ఉచితముగా దొరకును. అడోబీ సాఫ్ట్‌వేరులు పంక్తుల నడుమ ఆటోగా ఉంచు 120 శాతపు ఎడము ఆంగ్లమునకు చాలును గాని, పైన గుడియు క్రింద ఒత్తును గల మన లిపికి పలుమాఱు చాలదు. పై పంక్తి ఒత్తు క్రింది పంక్తి గుడిని తాకిన చోట చదువరి కన్ను తడబడును. చిన్న అక్షరములకు నాలుగు రంగులు కలిపిన నలుపు తగదు. రంగులు వెండ్రుకవాసి తొలగినను ఒత్తుల నడిమి ఖాళీలు పూడిపోవును, కేవల నల్లసిరాయే మేలు. కర్వ్స్ చేయునది నకలునకే. టైపు చేసిన మూలఫైలును పదిలపఱచవలెను. వాట్సాపులో ఫొటోగా పంపిన డిజైను నలిగిపోవును, డాక్యుమెంటుగా పంపుడు.

ఇవి ఉపాయములే, చికిత్స వేఱు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అను అక్షరపు ఒక కూర్పు ఐఫోనులోని యాప్‌లను కుప్పకూల్చినప్పుడు లోకమంతయు గగ్గోలెత్తినది. ఆపిల్ ఆ నెల 19వ తేదీననే ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దోషమును సరిదిద్దినది. మన విరిగిన ఒత్తులు ఎవరి ఫోనును ఆపవు గనుక ఏండ్ల తరబడి అట్లే యుండును. ఫిర్యాదు రాని దోషము దోషముగా లెక్కకు రాదు. కనుక ‘తెలుగు సరిగా రాదు’ అని విసుగుకొనుట చాలదు: టైపు చేసిన మాట యూనికోడులో, ఫాంటు పేరు, సాఫ్ట్‌వేరు రూపాంతరము, విండోసు ఏది, తెరపై వచ్చిన రూపము, రావలసిన రూపము, ఈ యన్నిటిని కలిపి పంపినచో సరిచేయువానికి సాకు మిగులదు. ఇంక్‌స్కేప్, గింప్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరులు ఎవరి ఫిర్యాదునైనను బాహాటముగా స్వీకరించును. వానిలో అక్షరములను కూర్చు హార్ఫ్‌బజ్ అను పరికరమునే ఆండ్రాయిడ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీసులును వాడుచున్నవి. దానియందొక ఒత్తు కుదిరినచో అన్నిట కుదురును. ఆంగ్లమున వ్రాయుటకు వెనుకాడు పనివానికి ఊరి కళాశాల విద్యార్థి ఒక్క గంట తోడ్పడినను ఆ ఫిర్యాదు చేరవలసిన చోటికి చేరును.