ఉడిపి హోటళ్లు పోయాయి, పల్లె రైతుకు కూర్చునే జాగా పోయింది

మన రాయలసీమ టౌన్లలో ఒకప్పుడు బస్టాండు పక్కన ఒకటి, కోర్టు దగ్గర ఒకటి, మార్కెట్ దారిలో ఒకటి ఉడిపి హోటల్ ఉండేది. కృష్ణ విలాస్, కృష్ణ భవన్, మైసూర్ కేఫ్ అని బోర్డులు వేరైనా లోపల అంతా ఒకటే తీరు. వీటన్నిటికీ ఒక కంపెనీ లేదు, ఒక యజమాని లేడు. అయినా ఆదోనిలో తిన్నా, నంద్యాలలో తిన్నా అదే దోసె, అదే చట్నీ. ఇప్పుడు ఉడిపి పేరుతో కొత్త బోర్డులు అక్కడక్కడా కనిపిస్తున్నాయి గాని, ఆ పాత హోటళ్లు చాలా వరకు మూతపడ్డాయి. ఒకచోట సెల్‌ఫోన్ల షాపు వచ్చింది, ఇంకోచోట బట్టల షోరూం లేచింది.

వీటిని పెట్టినవారు దక్షిణ కన్నడ జిల్లా నుంచి వచ్చినవారు. 1953 వరకు వాళ్ల జిల్లా, మన కర్నూలు జిల్లా రెండూ మద్రాసు రాష్ట్రంలోనివే. ఉడిపి మఠాల వంటశాలల్లో చేయి తిరిగినవారు, వారి బంధువులు పొట్ట చేత పట్టుకుని ఊరూరా బయలుదేరారు. అలా వంటింటి పని నుంచి పైకి వచ్చిన కడందలె కృష్ణారావు 1938లో మద్రాసు రాయపేటలో వుడ్‌లాండ్స్ హోటల్ పెట్టారు. తర్వాత 1962లో వచ్చిన వుడ్‌లాండ్స్ డ్రైవ్ ఇన్ 2008లో మూతపడితే మద్రాసు పత్రికలు పేజీలకు పేజీలు రాశాయి. మన తాలూకా టౌన్లలో ఇన్ని మూతపడితే నాలుగు ముక్కలు రాసినవారు లేరు.

సాంబారు సంగతి ఒప్పుకోవాలి. వాళ్లు బెల్లం వేస్తారు. కారం తినే మన నోటికి అది ఎక్కదు. "ఇదేం సాంబారు స్వామీ, పాయసం మాదిరుంది" అని మా నాన్న ప్రతిసారీ అనేవాడు, ప్రతిసారీ రెండోసారి పోయించుకునేవాడు. ఉగ్గాని బజ్జీ కావాలంటే అక్కడ దొరికేది కాదు, దానికి బండి దగ్గరికి పోవలసిందే. కాబట్టి రుచి కోసమే జనం అక్కడికి పోయారంటే నేను నమ్మను.

పోయింది కూర్చోవడానికి. తెల్లవారుజామున మొదటి బస్సు దిగిన రైతు, యార్డులో వేలం మొదలయ్యేవరకు ఎక్కడుండాలి? వాయిదాకు వచ్చినవాడు వకీలు వచ్చేదాకా ఏం చేయాలి? ఒక కాఫీ చెప్పి ఆ బెంచీ మీద గంట కూర్చుంటే లెమ్మనేవారు కాదు. విత్తనాల సంచి, ఎరువు మూట గల్లాపెట్టె పక్కన పెట్టి పోతే సాయంత్రానికి అక్కడే ఉండేది. ఫలానా ఊరివారు వస్తే ఈ చీటీ ఇవ్వండి అని చెబితే అది చేరేది. పెళ్లి మాటలు, భూమి బేరాలు, అన్నదమ్ముల పంచాయితీలు ఎన్నో ఆ రాతి బల్లల మీదే తెగాయి. "ఇచ్చట రాజకీయాలు మాట్లాడరాదు" అని గోడమీద రాసి ఉండేది. దాని కిందే కూర్చుని అందరూ అవే మాట్లాడేవారు.

అయితే ఆ రోజులన్నీ మంచివని చెప్పలేము. బల్లలు తుడిచిన చేతులు పదేళ్ల పిల్లలవి. హోటళ్లలో పిల్లలను పనికి పెట్టుకోకూడదన్న నిషేధం 2006 అక్టోబరులో గాని రాలేదు. అంతకుముందు కాలంలో కొన్ని హోటళ్లలో బ్రాహ్మణులకు వేరే గది ఉండేది. బోర్డుమీద "బ్రాహ్మణ" అన్న మాట తీసేయాలని 1957లో పెరియార్ అనుచరులు మద్రాసు ట్రిప్లికేన్‌లోని మురళీ కేఫ్ ముందు ఆందోళన చేశారు. హోటల్లోకి ఎవరినీ కులం పేరుతో రానీయకుండా ఆపకూడదని రాజ్యాంగం 15వ అధికరణంలో అప్పటికే రాసి ఉంది.

ఈ విషయంలో మా ఊరి దళితవాడ పెద్దాయన ఒకరు చెప్పిన మాట ఆలోచించదగ్గది. ఊళ్లో టీ కొట్టులో ఆయనకు వేరే గ్లాసు, అదీ తానే కడిగి పెట్టాలి. టౌన్లో ఉడిపి హోటల్లో ఆయనెవరో ఎవరికీ తెలియదు. ఊరి రెడ్డి కూర్చున్న బల్లకు ఎదురుగానే కూర్చుని, అదే గ్లాసులో కాఫీ తాగాడట. "ఆ కాఫీకి పోయిన చార్జీ దండగ కాదు" అంటాడాయన. ఆ హోటల్ గురించి ఇంతకంటే పెద్ద మెప్పు నేను వినలేదు.

ఎందుకు మూతపడ్డాయంటే కారణాలు తెలిసినవే. మెయిన్ రోడ్డు మీద జాగా ధర, అద్దె పెరిగాయి. గంటసేపు ఒక కాఫీతో కూర్చునేవాడివల్ల ఆ అద్దె రాదు. వాళ్ల పిల్లలు చదువుకుని బెంగళూరుకో గల్ఫుకో పోయారు, గల్లాపెట్టె ముందు కూర్చునేవారు లేకపోయారు. ఇది వాళ్ల తప్పు కాదు. మన పిల్లలు సేద్యం వదిలిపెట్టలేదా?

వాటి స్థానంలో వచ్చిన టిఫిన్ సెంటర్లలో నిలబడి తినాలి, తిన్నాక కదలాలి. మోకాళ్ల నొప్పులున్న ముసలమ్మ ప్లేటు పట్టుకుని ఎంతసేపు నిలబడుతుంది? 2018లో పెట్టి, 2019లో మూసేసి, 2024 ఆగస్టులో మళ్లీ తెరిచిన అన్న క్యాంటీన్లు 5 రూపాయలకు కడుపు నింపుతున్నాయి. మంచి పని. కాని వాటికి వేళలున్నాయి, ఆ వేళ దాటితే మళ్లీ రోడ్డే గతి. కోసిగి, కౌతాళం వైపు నుంచి సుగ్గికి పోయే కుటుంబాలు పిల్లలతో, మూటలతో బస్సుల కోసం పడిగాపులు కాయడం ఏటా చూస్తున్నదే.

ఉడిపి స్వాములను మళ్లీ తెచ్చుకోలేము. కనీసం ప్రతి మార్కెట్ యార్డులో, ప్రతి బస్టాండులో నీడ, నీళ్లు, నాలుగు బెంచీలు, సంచి దాచుకునే గది ఉండే క్యాంటీన్ పెట్టవచ్చు. వేలం పాటలో క్యాంటీన్ ఇచ్చేటప్పుడు, కూర్చునే జాగా ఎంత ఉండాలో షరతుల్లో రాస్తే చాలు. మార్కెట్ కమిటీలు, ఆర్టీసీ అధికారులు దీనికి కొత్తగా చట్టం చేయనక్కరలేదు. పత్తి లోడ్లు పండుగల ముందే మొదలవుతాయి. ఈసారి ఆ లోపలే ఈ పని జరగాలని రైతులు కోరుతున్నారు.