నేర్పామని సంతకం పెట్టేముందు

సీఏ విద్యార్థులు ఆడిట్ ఆఫీసులో పొందే శిక్షణ, అంటే ఆర్టికల్‌షిప్, 2023 జూలై నుంచి మూడేళ్లు కాదు, రెండేళ్లే. ‘పని చేతికొచ్చేసరికి వెళ్లిపోతారు’ అని శిక్షణనిచ్చే సీఏల (ప్రిన్సిపల్స్) గొణుగుడు. నిజమే కావచ్చు. కానీ ఆ గొణుగుడులోనే అసలు లెక్క బయటపడుతోంది. ముందు చాకిరీ, తీరిక దొరికితే చదువు అన్న పద్ధతి ఇన్నాళ్లూ చెల్లింది. ఇక ఆ తీరిక లేదు.

మొదటి ఆరు నెలలు ఎలా గడిచాయని శిక్షణలో ఉన్న ఏ ఆర్టికల్‌ని అడిగినా దాదాపు ఒకే జవాబు: ట్యాలీలో ఎంట్రీలు, బ్యాంకు స్టేట్‌మెంట్ల కట్టలు, నెలనెలా 20వ తేదీలోపు జీఎస్టీ రిటర్నులు. సెప్టెంబరులో ట్యాక్స్ ఆడిట్ హడావిడి మొదలైతే, వారానికి 35 గంటలన్న సీఏ ఇన్‌స్టిట్యూట్ నియమం ఎవరికీ గుర్తుండదు. వోచరు మీద ఆకుపచ్చ ఇంకుతో టిక్కు పెట్టడం మొదటిరోజే వచ్చేస్తుంది. ఎప్పుడు పెట్టకూడదో చెప్పడానికే పక్కన సీనియర్ కూర్చోవాలి. కూర్చునేవాళ్లు తక్కువ.

డబ్బు విషయంలో 1988 నాటి సీఏ నిబంధనలు స్పష్టంగానే ఉన్నాయి. చేర్చుకోవడానికి డిపాజిట్ అడగకూడదు. ఊరి జనాభాను బట్టి కనీస స్టైపెండ్ ఇవ్వాలి, అదీ చెక్కుగానో బ్యాంకు ఖాతాలోనో. ఆ కనీసం హైదరాబాదులో హాస్టల్ ఫీజుకే చాలదు. ఇక చదువు సంగతంటారా, చివర్లో ప్రిన్సిపల్ పెట్టే సంతకమే సాక్ష్యం. నేర్పవలసినవారే నేర్పామని రాసిచ్చుకుంటారు. క్లయింటు ఇలా తన లెక్కకు తానే పూచీ పడితే ఏ ఆడిటరైనా ఒప్పుకుంటాడా?

నేర్పకపోతే ఏమవుతుందో తెలియాలంటే బ్యాంకు కన్ఫర్మేషన్ లేఖ చాలు. కంపెనీ ఖాతాలో ఎంతుందో బ్యాంకునే అడిగే ఉత్తరం అది. ఆడిటరే పంపాలి, జవాబు నేరుగా ఆడిటరుకే రావాలి. చూడ్డానికి గుమాస్తా పని, అందుకే తరచు కుర్రవాళ్ల మీదికే వస్తుంది. 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు తన లేఖలో ఒప్పుకున్న లేని నగదు, బ్యాంకు నిల్వలు 5,040 కోట్ల రూపాయలు. సత్యం లెక్కలను ఆడిట్ చేసిన ప్రైస్ వాటర్‌హౌస్ భారతీయ సంస్థలు ఇలాంటి లేఖలు పంపడం, జవాబులు అందుకోవడం పూర్తిగా క్లయింట్లకే వదిలేశాయని 2011లో అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ తప్పుబట్టింది. ఆ కమిషన్‌కు 60 లక్షల డాలర్లు కట్టడంతోపాటు, సిబ్బందికి శిక్షణ ఏర్పాటు చేస్తామనీ ఆ సంస్థలు ఒప్పుకున్నాయి. సత్యం మోసానికి శిక్షణ లోపమే మూలమనలేం. కానీ ‘ఇటివ్వండి, మేమే పోస్టు చేస్తాం’ అని క్లయింటు మర్యాదగా చెయ్యి చాపినప్పుడు కుదరదనడం పుస్తకంలో చదివితే రాదు. పక్కవాళ్లు అంటుంటే చూసి నేర్చుకోవాలి.

తప్పంతా ఒకవైపే లేదు. పేరు ఆఫీసు రిజిస్టరులో, మనిషి విజయవాడలోనో గుంటూరులోనో కోచింగ్ క్లాసులో. ఈ ‘డమ్మీ’ ఆర్టికల్‌షిప్‌ను విద్యార్థులే అడుగుతారు, తల్లిదండ్రులూ సరేనంటారు. అయినా సంతకం ప్రిన్సిపల్‌దే, కాబట్టి ముందుగా అడగాల్సింది ఆయన్నే.

ఇన్‌స్టిట్యూట్ చేయించే పీర్ రివ్యూలో, అంటే ఒక ఆఫీసు పనిని మరో సీఏ పరిశీలించే తనిఖీలో, ఆర్టికల్స్ శిక్షణ ఇప్పటికే ఒక అంశం. దానికి కాస్త పదును పెడితే చాలు. రివ్యూకి వచ్చినవారు ప్రిన్సిపల్ గదిలో కాఫీ తాగి లేవకుండా, ఆర్టికల్‌ని విడిగా కూర్చోబెట్టి, ఆ పిల్లో పిల్లాడో చేసిన ఫైలు ఒకటి తెరిచి ‘ఇదెందుకు చేశావు?’ అని అడగాలి. సగంమంది జవాబు చెప్పలేకపోతే, ఆ ఆఫీసుకు ఒక ఏడాదిపాటు కొత్త ఆర్టికల్స్‌ను ఇవ్వకూడదు.