తఖ్దీర్ మీద నెపం

మా వైపు బైకు హాద్సాలో ఎవరైనా పోతే జనాజా లేవకముందే ఫైసలా అయిపోతుంది. "తఖ్దీర్ భాయ్, అంతవరకే రాసుంది." పోలీసు కాయితంలో ఇంకో మాట: అతివేగం, నిర్లక్ష్యం. పేపర్లో మూడో మాట: అదుపుతప్పి. మూడూ చేసే పని ఒకటే, సవాల్‌ని మయ్యత్‌తో పాటే దఫన్ చేయడం. నాకు మొదటి మాట మీదే కోపం ఎక్కువ, అది మనది కాబట్టి. ఒంటెను కట్టేసి ఆ తర్వాత తవక్కుల్ చేయమని చెప్పిన ప్రవక్త (స) ఉమ్మత్ మనం. తద్బీర్ వదిలేసి తఖ్దీర్ అనడం ఎక్కడి దీన్?

ఆ మాటతో ఇంట్లోవాళ్ళకు తసల్లీ కదా అంటారు. సరే, ఆ తల్లికి చెప్పండి. రేపు అదే రోడ్డు మీద పోవాల్సిన మనం మాత్రం దాని చాటున దాక్కోకూడదు.

మిర్చి సీజన్లో రాత్రిపూట చిలకలూరిపేట నుంచి గుంటూరు యార్డు దాకా ఒకసారి పోయి చూడండి. టిక్కీలు ఎత్తిన ట్రాక్టర్ ట్రాలీకి వెనక లైటుండదు, ఉన్నా వేలాడే పట్టా కప్పేస్తుంది. పత్తి లారీ లోడు బాడీని దాటి రెండు పక్కలా పొంగి ఉంటుంది. బండి చెడితే చుట్టూ రాళ్ళు పెడతారు. బాగయ్యాక బండి పోతుంది, రాళ్ళు అక్కడే. వానల్లో పొలంలోంచి ఎక్కిన ట్రాక్టరు టైర్ల నల్లరేగడి తారు మీద పరుచుకుంటుంది, తడిస్తే సబ్బే. అదే రేగడి వానకు ఉబ్బి, ఎండకు కుంగి, రోడ్డు అంచు పక్కన మెట్టు చేస్తుంది. లారీకి దారిచ్చి మార్జిన్లోకి దిగిన బైకు మళ్ళీ పైకెక్కబోయి పడుతుంది. "అదుపుతప్పి" అనే మాట వెనక ఇంత కథ.

అమెరికాలో హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలెస్‌లో 900 బైకు హాద్సాల చోటికి స్వయంగా వెళ్ళి, కొలతలు తీసి, 1981లో రిపోర్టు ఇచ్చింది. బైకును ఇంకో బండి ఢీకొన్న కేసుల్లో మూడింట రెండు వంతులు అవతలి బండి దారివ్వకపోవడం వల్లే అని తేలింది. సబక్ నేర్చుకోవడం అంటే అది. మన 1988 మోటారు వాహనాల చట్టంలోనూ ప్రమాదాల కారణాల మీద లోతైన అధ్యయనానికి 135వ సెక్షన్ ఉంది. రోడ్డు ప్రమాణాలు పాటించక ప్రాణం పోతే కాంట్రాక్టరుకు లక్ష దాకా జుర్మానా వేసే 198ఎ సెక్షన్ 2019లో చేరింది. ఎఫ్ఐఆర్ రాయించేటప్పుడు దాని పేరెత్తే బుజుర్గ్ మన మొహల్లాలో ఎవరు?

సర్కారుని తిట్టడం ఆసాన్. ఇక మన గడపలోకి రండి. వెనక చక్రంలో బట్ట పడకుండా గార్డు ఉండాలని కేంద్ర మోటారు రూల్స్‌లో 123వది చెబుతుంది. షోరూమ్ వాడు బిగించిన దాన్ని స్టైల్ కోసం ఊడదీయించే షహ్‌జాదాలు మన పిల్లలే. ఆ బైకు వెనకే అమ్మీ బురఖాలో ఒక పక్కకు కూర్చుంటుంది, ఒళ్ళో చిన్నది. అమ్మీకి హెల్మెట్ ఎందుకు అంటారు. 2022లో దేశంలో హెల్మెట్ లేకుండా చనిపోయినవాళ్ళు 50,029 మందని కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క. అందులో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్ళే. నమాజుకు పోతూ టోపీ నలుగుతుందని హెల్మెట్‌ని ట్యాంకు మీద మోసే నౌజవాన్లూ ఉన్నారు. టోపీ జేబులో పట్టదా?

మస్జిద్ కమిటీలకు నా దర్ఖాస్తు. హాద్సా జరిగిన మర్నాడే నలుగురు ఆ చోటికి పోండి. టేపు పట్టుకెళ్ళండి. గుంత లోతు, అంచు ఎత్తు, ఆగి ఉన్న ట్రాలీ రోడ్డును ఎంత ఆక్రమించిందీ కొలవండి, ఫోటో తీయండి. హెల్మెట్ ఉందా, పట్టీ బిగించి ఉందా, అదీ రాయండి, మనవాడి గల్తీ అయినా సరే దాచకండి. జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి కలెక్టరే సదర్, అర్జీ అక్కడివ్వండి. రాయడం రాకపోతే జుమా తర్వాత నా దగ్గరికి రండి, కూర్చుని రాద్దాం.