చేతి టైల్‌కు చదరపు అడుగు లెక్క కుదరదు

ఇల్లు కట్టుకునేవాళ్లు టైల్స్ షోరూముల చుట్టూ వారాల తరబడి తిరుగుతారు. ఆ టైల్స్‌ను గోడకు ఎక్కించే మేస్త్రీతో మాత్రం ‘చదరపు అడుగుకి ఎంత తీసుకుంటావు?’ అన్న ఒక్క మాటతో బేరం ముగించేస్తారు. ఫ్యాక్టరీ టైల్స్‌తో ఈ పద్ధతి ఎలాగోలా నెట్టుకొస్తుంది. గుజరాత్‌లోని మోర్బీలో యంత్రాలు ఒత్తి, కొలిచి, పెట్టెల్లో సర్ది పంపే టైల్స్ ఒకదానికొకటి అచ్చు గుద్దినట్టుంటాయి. చేయి తిరిగిన మేస్త్రీ ఎవరైనా వాటిని చకచకా అతికించేయగలడు. జైపూర్ నీలి పలకలకో, ఖుర్జా టైల్స్‌కో, పుదుచ్చేరి చుట్టుపక్కల కుమ్మరి స్టూడియోల్లో చేసే పలకలకో అదే బేరం పెడితే గోడ పాడవుతుంది, డబ్బు పోతుంది, నింద చివరికి టైల్ మీద పడుతుంది. చేత్తో చేసిన టైల్స్ కావాలనుకునేవాళ్లు అవసరమైతే టైల్స్ తగ్గించుకోవాలి, అతికించే పని మీద పెట్టే ఖర్చు మాత్రం పెంచాలి. ఆ ఖర్చుకు సిద్ధంగా లేకపోతే ఫ్యాక్టరీ టైలే మేలు.

కారణం మట్టిలోనే ఉంది. తడి మట్టి ఆరేటప్పుడూ కాలేటప్పుడూ దాదాపు పదో వంతు కుంచించుకుపోతుంది. ఒకే కొలిమిలో కాలినా, మంటకు దగ్గరగా ఉన్నది ఒకలా, దూరంగా ఉన్నది మరోలా తేలుతుంది. జైపూర్ పలకల్లో మట్టి పాలు తక్కువే. పలుగురాతి పొడి, గాజు పొడి, ముల్తానీ మట్టి, బంక కలిపి తక్కువ వేడిలో కాలుస్తారు. వాటికీ ఈ తేడాలు తప్పవు. నాలుగంగుళాల టైల్‌లో ఒక్క మిల్లీమీటరు తేడా చేతికి తెలియదు. అదే తేడా వరుసగా ఇరవై టైల్స్‌లో పేరుకుంటే చివరికి రెండు సెంటీమీటర్లు జరిగిపోతుంది. అందుకే చేతి టైల్స్‌ను అంచుకు అంచు ఆనించి పెట్టకూడదు. మూడు నుంచి ఐదు మిల్లీమీటర్ల సందు ఉండాలి. ఆ సందును ప్లాస్టిక్ స్పేసర్లకు వదిలేయకుండా, నూలు దారం కట్టి, కంటితో చూసి, ఒక టైల్ పెద్దదైతే పక్క సందు కాస్త తగ్గించి సర్దుకుంటూ పోవాలి. అతికించే ముందు అన్ని పెట్టెలూ విప్పి, కలిపి, గది నేల మీద ఒకసారి పరిచి చూసుకోవాలి. లేకపోతే ముదురు నీలమంతా ఒక మూల, లేత నీలమంతా ఇంకో మూల తేలుతుంది. ఇదంతా సమయం తినే పని. చదరపు అడుగు లెక్కన డబ్బు తీసుకునే మనిషికి ఈ సమయమంతా నష్టమే. అతను హడావిడి పడితే తప్పు అతనిది కాదు, ఆ బేరం కుదిర్చినవాళ్లది.

కంటికి కనబడని చోట జరిగే నష్టం ఇంకా ఎక్కువ. టైల్ వెనక నాలుగు మూలలా సిమెంటు ముద్దలు పెట్టి గోడకు తట్టడం మన దగ్గర మామూలే. మధ్యలో బోలు మిగులుతుంది, వేలితో కొడితే డొల్ల శబ్దం వస్తుంది, సింకు దగ్గరైతే నీరు అందులోకి చేరుతుంది. పైగా తక్కువ వేడిలో కాలిన టైల్ నీటిని బాగా పీల్చుకుంటుంది. నానబెట్టకుండా సిమెంటు మీద పెడితే సిమెంటులోని తడినంతా లాగేసుకుంటుంది. గట్టిపడటానికి కావలసిన నీరు లేక ఆ సిమెంటు పొడిబారి పట్టు వదిలేస్తుంది. ముందుగా ప్లాస్టరింగ్‌ను రసమట్టంతో సరిచూసి, ఐఎస్ 15477 ప్రమాణం ముద్ర ఉన్న అంటుపదార్థాన్ని పళ్ల తాపీతో గోడంతా పరిచి, టైల్ వెనక కూడా పలుచగా పూసి అతికిస్తే ఈ రెండు చిక్కులూ ఉండవు. అన్నిటికన్నా పెద్ద పాపం ఆఖరి రోజున జరుగుతుంది. సిమెంటు మరకలు పోవడానికి యాసిడ్ పోసి కడిగేస్తారు. ఫ్యాక్టరీ టైల్ దాన్ని చాలావరకు తట్టుకుంటుంది. చేతి టైల్ మీది మెత్తటి గ్లేజ్ మెరుపు పోతుంది, సందుల్లో నింపిన గ్రౌట్‌ను యాసిడ్ తినేస్తుంది. మరకను ఎప్పటికప్పుడు తడి గుడ్డతో తుడిచేస్తే యాసిడ్‌తో పనే ఉండదు.

ఇంత ఖర్చు ఎవరు భరిస్తారని అడగొచ్చు. ఇల్లంతా వేయమని ఎవరూ అనడం లేదు. వంటగట్టుకూ పై అరలకూ మధ్య ఉండే గోడ రెండడుగుల ఎత్తు, ఎనిమిది అడుగుల పొడవు అనుకుంటే పదహారు చదరపు అడుగులు. నాలుగంగుళాల టైల్స్ 144 సరిపోతాయి. విరిగేవాటికీ కోతలకూ మరో పదిహేను శాతం కలిపితే 166 చాలు. ఆ మిగులు తప్పనిసరి, ఎందుకంటే తర్వాత అదే కొలిమి రంగు మళ్లీ దొరకదు. ఇంత చిన్న గోడకు మేస్త్రీకి రోజు కూలీ లెక్కన ఇచ్చినా కుటుంబ బడ్జెట్ తలకిందులు కాదు.

పోపు చిందే వంటగదిలో ఈ టైల్స్ మధ్య సందుల్లో జిడ్డు పేరుకోదా? వైట్ సిమెంటు నింపితే తప్పకుండా పేరుకుంటుంది. ఎపాక్సీ గ్రౌట్ నింపితే చాలావరకు తుడిచేయొచ్చు. అది గరుకు టైల్ మీద అంటుకుపోతుంది గనుక వెంటనే శుభ్రం చేయాలి. అయినా పొయ్యి వెనక భాగం రోజూ తుడవాల్సిందే, ఆ ఓపిక లేని ఇంటికి ఇవి వద్దు. వంటగట్టు ఉపరితలం మీద అసలే వద్దు. చింతపండు, నిమ్మరసం ఆ గ్లేజ్‌కు శత్రువులు. కొన్ని నెలలకు గ్లేజ్‌లో వెంట్రుకల్లాంటి చీలికలు కనబడతాయన్న ఫిర్యాదు కూడా నిజమే. తేమకు టైల్ లోపలి భాగం కొద్దిగా ఉబ్బుతుంది, పైపూత సాగలేదు. సింకు పక్క గోడకు అది లోపమే, పూజగదికో వరండాకో కాదు.

చేతి పనిలా కనబడేలా అచ్చు వేసిన ఫ్యాక్టరీ టైల్స్ తీసుకుంటే ఈ బాధలేవీ ఉండవుగా అన్న వాదన మరొకటి. వాటి మీద ‘లోపాలు’ ప్రింటరు వేసినవి. ఉన్నవి కొన్ని నమూనాలే కావడంతో అదే మరక నాలుగైదు టైల్స్ తర్వాత మళ్లీ ప్రత్యక్షమవుతుంది. చవకైన, మంచి టైల్ అని వాటిని కొనుక్కోవడంలో తప్పు లేదు. చేతి టైల్ ధర పెట్టి కొనడం మాత్రం మోసపోవడమే. వెనక్కి తిప్పి చూడండి, అంచులు చూడండి, పది టైల్స్ పక్కపక్కన పెట్టించండి.

సరిగా అతికించిన చేతి పలక ఎంతకాలం ఉంటుందో చూడాలంటే హైదరాబాద్ పాతబస్తీలోని బాద్‌షాహీ అషూర్‌ఖానాకు వెళ్లొచ్చు. కుతుబ్‌షాహీల కాలంలో, 17వ శతాబ్ది ఆరంభంలో గోడలకు అమర్చిన రంగు పలకలు ఇప్పటికీ మెరుస్తున్నాయి. 1908 మూసీ వరద అక్కడ కొంత భాగాన్ని పాడుచేసింది. ఆ మేరకు తర్వాత రంగులతో గీసి పూడ్చారు. మన వంటగదికి అంత ఆయుష్షు అక్కర్లేదు, ఇరవై ఏళ్లు నిలిస్తే చాలు. అందుకు షోరూములో కాకుండా మేస్త్రీ దగ్గరే బేరం మార్చుకోండి: రోజు కూలీ మాట్లాడుకోండి, మొదటి రోజు ఒక చదరపు గజం మాత్రమే వేయించి చూడండి, నచ్చకపోతే ఆ సాయంత్రమే తీయించండి. యాసిడ్ సీసాను ఇంట్లోకి రానివ్వకండి.