చౌకయాత్ర యెవరి ఖర్చున?

రోహిణికార్తెలో రోళ్లు పగులునని పెద్దలమాట. మన రోళ్లు పగులు ఆ దినములలోనే మధ్యధరా సముద్రపు ఉత్తరతీరమున వసంతము కడపటి యడుగులు వేయుచుండును. ఇటలీ దక్షిణభాగమున ఓలివు చెట్లు పూతమీద నుండును. లిస్బను వీథులలో జకరండా చెట్లు ఊదారంగు పూలను రాల్చుచుండును. పగటివేళ అలసట లేక నడువవచ్చును; రాత్రి భోజనవేళ వఱకు వెలుతురు నిలిచియుండును. మన బడుల సెలవులును వారి సుఖఋతువును ఇట్లు కలసివచ్చుటచే, కొంత కూడబెట్టుకొన్న తెలుగు కుటుంబము లాదేశములవైపు చూచుచున్నవి. జర్మనీలోను ఐర్లండులోను ఉద్యోగములు చేయు మన బిడ్డలు తల్లిదండ్రులను పిలిపించుకొని యచ్చటికి గొనిపోవుచున్నారు. ఇందు దోషమేమియు లేదు. కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును ఒక్కటే యని యెంచిన దినములు గడచినవి. మా తగవు యాత్రతో గాదు. చౌక యను మాటతో.

మొన్న నొక కక్షిదారుడు దావాపని మీద మాయొద్దకు వచ్చి, పని ముగిసిన పిమ్మట జేబునుండి యొక కరపత్రమును దీసి, "ప్లీడరుగారూ, ఇది కాస్త చిత్తగించండి, ఇంత చౌక మఱెక్కడను లేదు" అనెను. పండ్రెండు దినములు, ఏడు పట్టణములు. మేము దస్తావేజు చదువు వాడుక చొప్పున క్రిందనున్న చిన్న యక్షరములనుండి మొదలిడితిమి. వీసా రుసుము ఇందు జేరదు. పట్టణపు పన్నులు జేరవు. కట్టడముల ప్రవేశరుసుములు జేరవు. మధ్యాహ్నభోజనము ఎవరిది వారిదే. రాత్రి బస ఊరికి పదికోసుల దూరమున రాజమార్గము ప్రక్కన. వెనీసు దర్శనము మూడు గంటలు; బార్సెలోనా యొక పూట. బండిలో గూర్చుండు కాలమును కూడి చూచితిమి గదా, చూచు కాలముకంటె నదియే హెచ్చుగ దేలినది! ఇంటిల్లిపాది యొక సంవత్సరము కూడబెట్టిన ద్రవ్యముతో బండికిటికీని కొనుటను చౌక యందుమా?

ఇది యాత్రికునికి గలుగు నష్టము. అంతకంటె గొప్పనష్టము వేఱొకటి గలదు. దాని నా యూరివారు భరించుచున్నారు. కరపత్రమున దాని ప్రస్తావనయే లేదు.

వెనీసు సంగతి వినుడు. 1951లో ఆ ప్రాచీన ద్వీపనగరమున సుమారు 1,75,000 మంది జనులు నివసించిరి. 2022 నాటికి ఆ సంఖ్య 50,000కు దిగువకు బడినది. ఆ నగరములో నొక మందుల దుకాణపు గవాక్షమున నివాసుల లెక్కను చూపు చిన్న యంత్రము నుంచినారు; దారిని బోవువా రాగి దానిని చూచుచుందురు. మృత్యుశయ్యమీది రోగి నాడిని వాకిట వ్రేలాడగట్టినట్లున్నదిది. యుద్ధము వచ్చి ఆ జనులను వెడలగొట్టలేదు. మహమ్మారి వచ్చి తుడిచిపెట్టలేదు. పని లేక కొందఱును, వరదలకు వెఱచి కొందఱును పోయినమాట నిజమే. కాని మిగిలినవారిని తఱుముచున్నది అద్దె. సంసారికి నెలకిచ్చు అద్దెకంటె యాత్రికునికి రాత్రి రాత్రికి నిచ్చిన హెచ్చు వచ్చునని గృహస్వాములు గ్రహించిరి. రొట్టెల యంగడి పోయి ముసుగు బొమ్మల యంగడి వచ్చినది. 2024 ఏప్రిలు 25 మొదలు ఒక్క పూటకు వచ్చిపోవువారిపై నగరపాలకులు అయిదు యూరోల ప్రవేశరుసుమును విధించిరి. 2025లో కడపటి దినములలో కొనువారికి దానిని పదియూరోలు చేసిరి. నగరములో రాత్రి బస చేయువారు మాత్ర మీ రుసుము చెల్లింప నక్కఱలేదు. గుడికి వచ్చు భక్తునికి గాక గుడిని త్రొక్కిపోవువానికి విధించిన సుంకమిది. మన కక్షిదారుని కరపత్రమున "మూడు గంటలు" అని వ్రాసినది సరిగా ఆ త్రొక్కుటనే.

బార్సెలోనాలో కథ యింతకంటె ఘాటుగా నున్నది. 2024 జూలైలో నచ్చటి జనులు ఊరేగింపు సలుపుచు, వీథి భోజనశాలలలో గూర్చున్న పరదేశులపై పిల్లల నీటితుపాకులతో నీళ్లు జల్లిరి. మన యభిప్రాయమున నిది యుచితము గాదు; భోజనము చేయుచున్న యతిథిమీద నీళ్లుజల్లుట యే దేశమునను మర్యాద యనిపించుకొనదు. కాని యా నీళ్ల వెనుకనున్న వేడిని జూడవలెను. అంతకు కొన్ని దినములు ముందే, నగరాధ్యక్షుడు జావుమే కొల్బోని యాత్రికుల కద్దెకిచ్చుటకు అనుమతి బొందిన 10,101 వాసముల అనుమతులను 2028 నవంబరు నాటికి నిలిపివేయుదునని ప్రకటించెను. పదివేల గృహములు! అవి గృహములుగ నున్నచో పదివేల కుటుంబములు కాపురముండెడివి గదా. కానరీ ద్వీపములలో 2024 ఏప్రిలు 20వ తేదీన వేలాది జనులు వీథులలోనికి వచ్చి తమ ద్వీపములకు నొక హద్దు గలదని ఘోషించిరి. క్రొత్త వసతిగృహముల నిర్మాణమును నిలుపవలెనని కొందఱు నిరాహారదీక్షకు గూర్చుండిరి. దీక్ష యనగా నేమో తెలుగువారికి వేఱుగ జెప్ప బనిలేదు. ఊరక ఎవరును అన్నము మానరు.

ఇచట మాకొక ప్రత్యుత్తరము వచ్చుననుట యెఱుగుదుము. "పరదేశుల ద్రవ్యము లేనిచో నా దేశము లేమి తినును? 2010లో ఋణభారమున గ్రుంగిన గ్రీసునకు యాత్రికులే గదా యూతకోల? 2024లో స్పెయినునకు వచ్చిన పరదేశులు తొమ్మిదికోట్ల ముప్పదియెనిమిది లక్షలకు దగ్గఱ. వారి వలన నెందఱు బ్రదుకుచున్నారు?" సత్యమే. ఆ వాదమును మేము త్రోసివేయము. నాలుగుకోట్ల తొంబదిలక్షల జనమున్న దేశమునకు అంతకు దాదాపు రెండింతల యతిథులు రాగా, వారి ద్రవ్యముతో నన్నము దినువారును గలరు, వారి వలన నిల్లు గోల్పోవువారును గలరు. ఆ యిరువురును పెక్కుచోట్ల నొక్కరే. పగలు పడకగదులు తుడిచి రాత్రి తానుండుటకు గది దొరకక బండిలో నిద్రించు సేవకుల సంగతి ఆ ద్వీపములలో విననివాడు లేడు. దేశద్రవ్య మేయే కాలువల గుండ బయటికి బోవునో దాదాభాయి నౌరోజీగారు లెక్కగట్టి చూపిరి. ఆ కొలతకోలనే తీసికొని, యాత్రికు డిచ్చిన యూరోను వెంబడింపుడు. గొప్పనౌకలో భుజించి, నౌకలోనే నిద్రించి, తీరమున నాలుగు గంటలు దిరిగినవాని సొమ్ము తీరమున నిలుచునా? సాంటోరినీ ద్వీపమున దినమునకు ఎనిమిదివేల నౌకాయాత్రికులకు మించి దింపరాదని 2025లో హద్దు పెట్టవలసివచ్చినది. ఆ ద్వీపవాసులు సుమారు పదియేనువేల మంది. లెక్క జూచుకొనుడు.

మఱియొక పక్షమువారు, "అట్లైన నింటనే యుండుడు; హంపిని జూడనివారికి ఏథెన్సు ఏల?" అందురు. ఇది వాదము గాదు, మూతిముడుపు. హంపిని చూడనివారు చూడవలసినదే. చూచినవారు ఏథెన్సునకు బోవచ్చును. ప్రశ్న పోవుటయా మానుటయా కాదు. ఎచ్చటికి, ఎన్నాళ్లకు, ఎవరి యింట బస?

మాకు దెలిసినంతవఱకు, నిజమైన చౌక పేరుపడిన పట్టణములకు రెండుమూడు గంటల దూరమున గలదు. స్పెయినులో ఎస్త్రెమదూర యను సీమ గలదు. పోర్చుగీసు సరిహద్దున నున్నది, సముద్రము లేదు, గనుక గుంపును లేదు. అచ్చటి మెరీదాలో రోమనులు కట్టిన నాటకశాల నేటికిని నాటకములకు బనికివచ్చుచున్నది. కాసెరెస్ పట్టణపు రాతివీథులలో సాయంకాలము గువ్వలును కొంగలును తప్ప త్రోయువారు లేరు. సరిహద్దు దాటిన పోర్చుగలులోని ఎవోరా. రోమనుల దేవాలయ స్తంభము లూరి నడుమ నిలిచియున్నవి. గ్రీసులో ద్వీపములను విడిచి, ఉత్తరమున యోయన్నినా సరస్సునకును, దానిపైనున్న జగోరి కొండపల్లెలకును పోవచ్చును. వేసవి ముదిరిన పిదప నీ దేశములందు నడచుట సుఖము గాదు. 2024 జూనులో ఎండతీవ్రత చేత ఏథెన్సు అక్రోపోలిసునే మధ్యాహ్నవేళలందు మూసిరి. మే నెలలోనైన నా బాధ తక్కువ. సముద్రస్నానమునకు మాత్రము నీరింకను చల్లగనే యుండునని పిల్లలకు ముందే చెప్పుట మంచిది.

మా మనస్సు మిక్కిలిగ బోవుచున్నది ఇటలీ మడమవైపునకు: బారి, లెచ్చే, మతేరా. మతేరాలో జనులు వేలయేండ్లుగ కొండగుహలలో కాపురముండిరి. ఫాసిస్టులు 1935లో ఆ సీమకు ప్రవాసము పంపిన కార్లో లెవీ యను వైద్యుడు అచ్చటి దైన్యమును కన్నులార జూచి 1945లో గ్రంథముగ బ్రకటింపగా దేశము సిగ్గుపడినది. 1952లో చట్టము జేసి సుమారు పదియేనువేల జనులను గుహలనుండి క్రొత్త యిండ్లకు దరలించిరి. ఏ గుహలను జూచి సిగ్గుపడిరో ఆ గుహలను 1993లో యునెస్కో లోకసంపద యని వ్రాసికొన్నది. నేడందు ధనికులు రాత్రికింతయని యిచ్చి పరుండుచున్నారు! కావున అచ్చట గుహలను పగలు చూచి, బస క్రొత్తయూరిలో నొక సంసారి యింట జేయుడు. ఖర్చును తగ్గును.

తిండి విషయమున శాకాహారులు భయపడ నక్కఱలేదు. ఆ సీమలో నెండబెట్టిన పెద్దచిక్కుడు పప్పును మెత్తగ నుడికించి, చేదు ఆకుకూరతో, ఓలివునూనెతో వడ్డింతురు. మన ముద్దపప్పునకు దూరపుచుట్టము. పేదవాని తిండియే గనుక వెలయు స్వల్పము. ఇటలీలో కాఫీని నిలువబడి త్రాగిన నొక ధర, బల్లయొద్ద గూర్చుండిన మఱియొక ధర. ఊరివారు నిలువబడియే త్రాగుదురు. స్పెయినులో మధ్యాహ్నపు కట్టుబడి భోజనము రాత్రి భోజనములో సగమునకే దొరకును. ఇటలీ ప్రాంతీయ రైళ్లకు ముందు కొన్నను అప్పుడు కొన్నను ఒక్కటే ధర. నెలలో మొదటి యాదివారమున ప్రభుత్వపు వస్తుప్రదర్శనశాలలు ఉచితము. నాలుగు పట్టణములను విడిచి రెండింట నైదేసి దినములుండిన నీ మర్మములన్నియు తమంతట తామే తెలియును.

న్యాయవాదులముగ నొక హెచ్చరిక. షెంగెను వీసాకు 2024 జూను నుండి పెద్దలకు తొంబది యూరోల రుసుము. నిరాకరించినను తిరిగి యీయరు. అందు "ఒక్క ప్రవేశము" అని యున్నచో మిక్కిలి జాగ్రత్త వలయును. బారి రేవునుండి యొక రాత్రి నౌకలో అల్బేనియాకు బోవచ్చును. బెరాతు, గిరొకాస్త్ర పట్టణములు సొగసైనవి, వెలలు తక్కువ. కాని అల్బేనియా షెంగెను మండలములో లేదు. మీరు నౌక యెక్కిన క్షణమున మీ యొక్క ప్రవేశము చెల్లిపోయినది. తిరుగు విమానము రోములో నున్నను రోమునకు రాలేరు. కరపత్రములలో నీ వాక్యము పెద్దయక్షరములతో మాకెన్నడును గనబడలేదు.

ఇదంతయు విని మా కక్షిదారుడు కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట, "వెనీసు చూడకుండ వచ్చితినని చెప్పిన బంధువులు నవ్వరా?" అనెను. నవ్వనిండు, చూడదలచినచో రెండు రాత్రులు నగరములోనే బస చేసి, రుసుము తప్పించుకొని, గుంపు వెడలిన పిదప వీథులలో దిరుగుమంటిమి. ఆయన కరపత్రమును మడచి, దాని వెనుక తెల్లనిచోట "బారి" అని వ్రాసికొని, అచ్చటికి దారి యడిగెను. రోము వఱకు విమానము, అటనుండి వేగపు రైలులో నాలుగు గంటలు.